తలకిందులుగా ఎగిరిన జెండా

విశాఖలో జాలరిపేట పక్కనే పెరిగాను. మా నాన్న ముప్పై ఏళ్లు వేటకెళ్లాడు. కొమ్ముకోనం పేరెత్తితే ఇప్పటికీ ఆయన గొంతు మారుతుంది. బల్లెంలాంటి ముక్కుతో మనిషిని పొడిచేయగల చేప అది. అలాంటి చేపని గాలంతో పట్టి మళ్లీ నీళ్లలో వదిలేసేవాళ్లు ఉన్నారంటే ఆయన నమ్మలేదు. ఈ జనవరిలో ఫ్లోరిడా వెళ్లే పని పడితే, వాళ్లను చూడాలనే రెండు రోజులు ఎక్కువ ఉండిపోయాను.

మయామీ నుంచి కారులో ఐలమొరాడా వెళ్లాను. దీవుల మీదుగా సాగే ఓవర్సీస్ హైవే మీద ఉంటుందా ఊరు. ఒక పక్క అట్లాంటిక్, ఇంకో పక్క ఫ్లోరిడా బే. రోడ్డు పక్కనే 1935 తుపాను స్మారకం ఉంది. ఆ సెప్టెంబర్ 2న నాలుగు వందల మందికి పైగా పోయారు. గాలికి వంగిన కొబ్బరి చెట్లను రాతిలో చెక్కారు. చూస్తుంటే మన దివిసీమే గుర్తొచ్చింది.

తెల్లారేసరికి జెట్టీ దగ్గర మా పడవ కెప్టెన్ ఎదురుచూస్తున్నాడు. డెబ్బై రెండేళ్లు. పద్నాలుగో ఏట ఇక్కడే పడవలు కడిగే పనిలో చేరాడట. వేళ్ల నిండా దారం కోసిన పాత మచ్చలు. వాటిని చూడగానే మా నాన్న చేతులే చూస్తున్నట్టనిపించింది.

1873లో కట్టిన అలిగేటర్ రీఫ్ ఇనుప లైట్‌హౌస్ దాటాక నీళ్ల రంగు మారింది. ఆకుపచ్చ ఆగిపోయి ముదురు నీలం మొదలైంది. గల్ఫ్ స్ట్రీమ్ అనే సముద్ర ప్రవాహం ఇక్కడ తీరానికి అంత దగ్గరగా పారుతుంది. కెప్టెన్ ఇంజన్ తగ్గించి కాసేపు ఊరికే చూస్తూ నిలబడ్డాడు. "రోజూ చూస్తాను. అయినా ఇక్కడికి రాగానే గుండె కొట్టుకుంటుంది" అన్నాడు.

తర్వాత గాలిపటం ఎగరేశాడు! మా కొమ్ముకోనం లాంటి చేపనే ఇక్కడ సెయిల్‌ఫిష్ అంటారు. దానికి వీళ్లు వేసే ఎర అలాగే ఉంటుంది. గాలం దారాన్ని గాలిపటం తాడుకి క్లిప్పుతో తగిలిస్తారు. బతికున్న చిన్న చేప సరిగ్గా నీటి పైపొరలోనే గిలగిలలాడుతూ ఉంటుంది. ఆ చప్పుడుకే పెద్ద చేప వస్తుంది. గాలం మొన లోపలికి తిరిగి ఉండే సర్కిల్ హుక్. చేప ఎర మింగినా అది కడుపులో దిగకుండా ఎక్కువగా దవడ మూలనే పట్టుకుంటుంది.

రెండు గంటలు ఏమీ లేదు. ఆయన మాత్రం నీటి మీద నుంచి చూపు తిప్పలేదు.

ఉన్నట్టుండి ఎర వెనకాల నల్లటి నీడ. క్లిప్పు ఊడింది. "లాగకు, రీల్ మాత్రం తిప్పు" అని అరిచాడు. దారం బిగుసుకుంది, రీల్ కీచుమంది. వంద గజాల అవతల చేప పైకి లేచి తోక మీద నడిచినట్టు నీళ్లమీద పరిగెత్తింది. చేతులు వణికిపోయాయి. అరగంటకి పడవ పక్కకి వచ్చింది. వీపు మీద తెరచాపలా రెక్క, ఒంటి మీద నీలం చారలు వెలుగుతున్నాయి. మేము కొమ్ముకోనం అనే జాతే.

వదిలేయాలనుకున్న చేపని నీళ్లలోంచి పైకి తీయకూడదని ఇక్కడ నియమం. కెప్టెన్ గ్లవ్స్ వేసుకుని, వంగి, ముక్కు పట్టుకుని గాలం తీశాడు. వెంటనే వదల్లేదు. నీళ్లు మొప్పల్లోంచి పారేలా, పడవ మెల్లగా కదులుతుంటే దాన్ని పక్కనే పట్టుకున్నాడు. పసిపిల్లతో మాట్లాడినట్టు ఏదో గొణుగుతూనే ఉన్నాడు. కాసేపటికి తోక గట్టిగా ఊపింది. వేళ్లు విప్పాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా! నాకు ఆ ఒక్క క్షణం కోసమైనా మళ్లీ రావాలనిపించింది.

తిరుగు ప్రయాణంలో సెయిల్‌ఫిష్ బొమ్మ ఉన్న జెండాని తలకిందులుగా కట్టాడు. పట్టి వదిలేశామని దాని అర్థం.

సాయంత్రం జెట్టీ మీద నుంచే ఇంటికి ఫోన్ చేశాను. అక్కడ తెల్లవారుజామున నాలుగు. వేట మానేసినా నాన్న ఆ వేళకి లేచే ఉంటాడు.

"ఎంత తూగింది?" అన్నాడు.

"తూచలేదు నాన్నా. వదిలేశాం."

కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"బాగానే ఈదిందా?" అన్నాడు.