ఫుండుడ్జికి నడుం వంచి

శనివారం కదా అని తీరిగ్గా బట్టలుతుక్కుంటుంటే, ఇక్కడ దక్షిణాఫ్రికాలో యూనివర్సిటీలో నాతో పనిచేసే ఆవిడ వాళ్లమ్మని కారులో ఎక్కించుకుని వచ్చేసింది. "ఫుండుడ్జి చెరువు చూడాలన్నావుగా, పద" అంది. థోహోయాండౌ ఊరు దాటాక టీ తోటలు, ఆపైన థాథే వోండో అడవి, తర్వాతంతా ఎర్రమట్టి దారి.

చెరువు కనబడే మలుపులో కారాపారు. పెద్దావిడ నన్ను అటు వీపు పెట్టి నిలబడమంది. నడుం వంచి కాళ్ల సందులోంచి చూడాలట. కొత్తగా వచ్చినవాళ్లు ఫుండుడ్జికి పెట్టే దండం అది. వంగాను. చున్నీ మొహం మీద పడింది. పక్కకి లాగితే కొండలు తలకిందులుగా, ఆకాశం కింద, నీళ్లు పైన. చెవులు హోరెత్తాయి. ఆవిడ చాలు అనేదాకా లేవలేదు.

ఎప్పుడో కొండచరియ విరిగి ముటాలే నదికి అడ్డం పడితే నిలిచిన నీళ్లివి. ఇక్కడి వెండా జనానికి మాత్రం అది కొండచిలువ దేవుడి ఇల్లు. వానలూ సంతానమూ ఆయన చలవే. చెరువుని కాచేది వాటవాత్సిండి వంశం. వాళ్లనడక్కుండా దిగకూడదు, ఈత అసలే కూడదు. మేం అడగలేదు, పైనుంచే చూశాం. అదే సబబు.

తిరిగొస్తూ పెద్దావిడ కథ చెప్పింది. కొండచిలువకి ఇద్దరు భార్యలు. రాత్రిళ్లే వచ్చే మొగుణ్ని చిన్నామె పగలు తొంగి చూసింది. ఆయన సిగ్గుపడి చెరువులోకి వెళ్లిపోయాడు. వాగులెండాయి, జనం అల్లాడారు. చివరికి ఆ పిల్లే బీరు పట్టుకుని నీళ్లలోకి నడిచింది. వాన కురిసింది. ఆమె మళ్లీ రాలేదు.

సాయంత్రం వంట చేస్తున్నా ఆ పిల్లే కళ్లముందుంది. కట్టుకున్నవాడి మొహం చూడాలనుకోవడం తప్పెలా అవుతుంది? ఊరందరి కరువూ ఒక్కదాని నెత్తినేసుకుని అలా నడిచిపోయిందే, నాకు ఆ కొండచిలువ కన్నా ఆమే పెద్దది. ఈ మాట పెద్దావిడతో అనలేకపోయాను.

ఈడొచ్చిన ఆడపిల్లలకి ఇక్కడ డోంబా అనే వేడుక చేస్తారు. అందులో వాళ్లు ఒకరి వెనకొకరు, ముందున్న పిల్ల మోచేతులు పట్టుకుని, డోలు దెబ్బకి కొండచిలువలా మెలికలు తిరుగుతూ ఆడతారట. బయటి ఆడవాళ్లని చూడనిస్తారా అని నాతో పనిచేసే ఆవిణ్ని అడిగాను. ఊళ్లో పెద్దవాళ్లని కనుక్కుని చెబుతానంది.