బస్సు ఛార్జీ మిగిలింది, అది కూడా తిండికే పెట్టాను

కోనసీమ వెళ్తున్నానని చెప్పగానే మా ఆఫీసులో అందరూ అడిగింది ఒకటే, పులస తింటావా అని. డిసెంబరులో పులస ఎక్కడిది? గోదారికి ఎర్రనీరు వచ్చే వరద రోజుల్లో సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చే చేప అది. దొరికే రోజుల్లో కూడా ఒక్కో చేప వేలల్లో పలుకుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత వింటే నాకు ఒళ్లు మంట. గోదావరి తిండి అంటే డబ్బున్నవాళ్ల తిండి అన్న భయం చాలామందికి ఆ ఒక్క మాటతోనే పట్టుకుంది. పుస్తెలు అమ్మక్కర్లేదు, చైను తాకట్టు పెట్టక్కర్లేదు. అటు తిరిగిన రోజులన్నిటికీ కలిపి తిండికి నాకైన ఖర్చు, మా గుంటూరులో ఇంటిల్లిపాదీ ఒక ఆదివారం ఏసీ హోటల్‌కి వెళ్లి బిర్యానీ తినొచ్చినంత, అంతే.

దీనికి సగం కారణం బస్సు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఐదు రకాల బస్సుల్లో ఛార్జీ లేదు కదా, ఆధార్ చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్ కొట్టి చేతిలో పెడతాడు. ఈ పథకం గురించి ఎవరు మాట్లాడినా రద్దీ గురించే మాట్లాడతారు. రద్దీ నిజమే, విజయవాడలో ఎక్కినదాన్ని ఏలూరు దాకా నిలబడే వెళ్లాను, కాళ్లు పీకేశాయి. కానీ తిండి మీద ప్రాణం పెట్టుకుని తిరిగే నాలాంటి వాళ్లకు దీని విలువ వేరే. ఛార్జీ లెక్క లేదు కాబట్టి ఎక్కడ దిగాలనిపిస్తే అక్కడ దిగిపోవచ్చు, ఏదో ఒకటి తినేసి వెనక వచ్చే బస్సు ఎక్కేయొచ్చు. కారులో వచ్చేవాళ్లు పార్కింగ్ ఉన్న చోటే ఆగుతారు, పార్కింగ్ ఉన్న చోట తిండి ఎలా ఉంటుందో మీకు తెలుసు.

రాజమండ్రి గురించి ఎక్కువ చెప్పను. రోజ్ మిల్క్ తాగాను, బాగుంది, ఎప్పుడూ బాగానే ఉంటుంది. లాడ్జి మాత్రం దోపిడీ, కిటికీ కూడా లేని గదికి 1,200 తీసుకున్నారు. ఇదేంటండీ అంటే పెళ్లిళ్ల సీజనమ్మా అన్నాడు కౌంటర్లో ఉన్నాయన. 2027 పుష్కరాల నాటికి ఎంత చెబుతారో తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

పొద్దున్నే రావులపాలెం వెళ్లే పల్లెవెలుగు ఎక్కాను, ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా వెళ్లేది. నా పక్కన ఒక మామ్మగారు కూర్చున్నారు. ఒళ్లో ఒక స్టీలు క్యారేజీ, కాళ్ల దగ్గర గోనెసంచి. బ్యారేజీ మీదికి ఎక్కగానే ఆవిడ నీళ్లకేసి చూసి రెండు చేతులూ జోడించి దండం పెట్టుకున్నారు, ఆ తర్వాత నావైపు తిరిగి, "ఎక్కడ దిగుతావమ్మా?" అన్నారు.

"ఆత్రేయపురమండీ."

"పూతరేకులకేనా?"

"అవునండీ మామ్మగారూ."

"రోడ్డు మీద కొట్లల్లో కొనమాకు తల్లీ. లోపలికెళ్లు. రేకు తీసే ఇల్లు చూసి, అక్కడే చుట్టించుకుని తిను. పెట్టెలో పెట్టింది పెట్టెలో పెట్టినట్టే ఉంటది."

ఆవిడ స్వయంగా చాలా ఏళ్లు రేకులు తీశారట. పొగకి కళ్లు పాడవడంతో మానేశారు. ఇప్పుడు కొత్తపేటలో ఉన్న కూతురింటికి వెళ్తున్నారు. పూర్వం పండక్కీ పబ్బానికీ తప్ప వెళ్లేవారు కాదు, ఛార్జీలు పెట్టుకుని కూతురింటికి ఊరికే వెళ్తే కొడుకు ఏమనుకుంటాడో అని. ఇప్పుడు వారం వారం వెళ్తున్నారట. క్యారేజీలో ఏముందండీ అని అడిగాను, నాకు అడగకపోతే నిద్ర పట్టదు. కంద బచ్చలి. ఆవ పెట్టి చేశారట, అల్లుడికి ఇష్టమని. మూత తీయకుండానే ఆవ ఘాటు తెలుస్తోంది.

గోనెసంచిలో తేగలున్నాయి, ఉడకబెట్టినవి. వద్దంటున్నా వినకుండా ఒకటి తీసి నిలువునా చీల్చి, పీచు ఎలా తీయాలో చూపించి, మధ్యలో ఉన్న చందమామను ముందు నా నోట్లో పెట్టించారు. మా వైపు కూడా తేగలు దొరుకుతాయి గానీ బస్టాండు దగ్గర కట్ట కట్టి అమ్మేవి ఎప్పటివో తెలియదు, నమిలి నమిలి దవడలు నొప్పి పెడతాయి. ఇవి మెత్తగా, కాస్త తియ్యగా, మట్టి వాసనతో ఉన్నాయి. బస్సు కాలవగట్టు వెంట పోతోంది, అటు కోతలు అయిన చేలు, ఇటు కొబ్బరిచెట్లు. ఇదంతా కాటన్ దొర చలవేనమ్మా అన్నారు మామ్మగారు. 1852లో పాత ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచే ఈ డెల్టాకి వరి నిలకడగా పండుతోంది, ఆ బియ్యం లేకపోతే నేను వెళ్తున్న ఊళ్లో రేకు లేదు. మామ్మగారి మాట నాకు పాఠం విన్నట్టు అనిపించలేదు, ఆవిడ దండం పెట్టింది దేనికో అప్పుడు అర్థమైంది.

ఆత్రేయపురంలో దిగగానే రెండు పక్కలా కొట్లు, బోర్డులు. డ్రైఫ్రూట్ పూతరేకులు, చాక్లెట్ పూతరేకులు, ఇంకా పాలల్లో కలుపుకునే పొడులు చల్లినవి కూడా. నాకు నిజంగా కోపం వచ్చింది. 2023లో ఈ ఊరి పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంత పేరున్న వస్తువుకి చాక్లెట్ ఎందుకు? మామ్మగారు చెప్పినట్టు లోపలి వీధుల్లోకి నడిచాను. పొగ వస్తున్న ఒక ఇంటి ముందు ఆగి, ఏవండీ కాస్త చూడొచ్చా అని అడిగితే, "రండి, అయితే పొగ మీ మొహానికి కొడతాది, ఇటు పక్కన కూర్చోండి" అని పీట వేశారు.

వీడియోల్లో చూడటం వేరు, ఆ సెగ పక్కన కూర్చోవడం వేరు. బోర్లించిన కుండ, కింద మంటకి ఎండు కొబ్బరాకులు. బియ్యాన్ని నానబెట్టి మెత్తగా రుబ్బి పాలలాగా పలుచన చేసిన పిండి ఒక పళ్లెంలో ఉంది. జయ బియ్యమైతేనే రేకు చిరగకుండా వస్తుందట. పల్చటి తెల్లగుడ్డని ఆ పిండిలో ముంచి, రెండు చివరలూ పట్టుకుని కుండ మీద ఒక్కసారి పరిచి లాగేస్తారు. అంతే, కుండకి పొర అంటుకుంటుంది, రెప్పపాటులో ఆరిపోతుంది, అంచు పట్టుకుని తీసేస్తారు. మంట కాస్త ఎక్కువైతే రేకు మాడుతుంది, తగ్గితే ఊడి రాదు. ఒక చేత్తో గుడ్డ, ఇంకో చేత్తో ఆకు ఎగదోయడం, మధ్యలో నాతో మాటలు, పక్కన పరీక్షకి చదువుకుంటున్న పిల్లకి అదిలింపులు. రేకులు వందల లెక్కన కొట్లవాళ్లకు వేస్తారట. కొట్టులో మనం పెట్టెకిచ్చే డబ్బులో జీడిపప్పుకీ, రంగుల అట్టపెట్టెకీ పోయేది పోగా ఈ పొగలో కూర్చున్న మనిషికి చేరేది ఎంత అన్న ఆలోచన నన్ను వదల్లేదు.

నాకోసం ఒకటి చుట్టమన్నాను. తడిగుడ్డ మీద రెండు రేకులు పరిచి, కాస్త మెత్తబడ్డాక నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి, మడతలు పెట్టి చేతిలో పెట్టారు. కొరికితే ముందు గరగరమని చిన్న చప్పుడు, ఆ వెంటనే ఏమీ లేదు, రేకు నాలుక మీద మాయం, నెయ్యి మిగిలింది, ఆ తర్వాత బెల్లం, అన్నిటికన్నా ఆఖరున సన్నగా పొగ వాసన. ఈ పొగ వాసన పెట్టెలో కొన్న పూతరేకులో నాకు ఎప్పుడూ తగల్లేదు. జీడిపప్పు, బాదం ముక్కలు వేస్తే పంటికి అవే తగులుతాయి, రేకు కరిగే ఆ ఒక్క క్షణం పోతుంది. బెల్లం, నెయ్యి మాత్రమే వేసినవి పది 150కి ఇచ్చారు. బయట కొట్లో డ్రైఫ్రూట్‌వి పది 300 చెప్పారు. చవకగా దొరికేదే అసలైనదైనప్పుడు రెట్టింపు ఎందుకు ఇవ్వాలి?

చిన్నప్పుడు మా నాన్న డ్యూటీ మీద రాజమండ్రి వెళ్లినప్పుడల్లా ఒక పెట్టె తెచ్చేవారు. ఇంటికి చేరేసరికి సగం పొడి అయిపోయేది. నాయనమ్మ ఒక్కోదాన్ని కత్తిపీట మీద రెండు ముక్కలు చేసి అందరికీ పంచేది, అడుగున మిగిలిన పొడి కోసం నేనూ మా అన్నయ్యా కొట్టుకునేవాళ్లం. పూతరేకు అంటే పొడిపొడిగా ఉండే మిఠాయి అనే చాలాకాలం అనుకున్నాను. నాన్న ఆత్రేయపురం దాకా ఎప్పుడూ రాలేదు, ఆయనకి అంత తీరిక ఎక్కడిది. ఆ ఇంటి అరుగు మీద నిలబడి తింటుంటే ఆయన్ని తీసుకురావాల్సిందని చాలా అనిపించింది.

లొల్ల లాకులు బస్సులోంచే చూశాను. రావులపాలెంలో అరటి మార్కెట్ దగ్గర దిగి ఒక అత్తం చక్కెరకేళి కొన్నాను, అమలాపురం చేరేలోపు సగం అయిపోయింది.

ఇక నా కడుపు మండిన సంగతి. దారిలో ఒక పెద్ద హోటల్, పేరు చెప్పను, కోనసీమ స్పెషల్ థాలీ అని బోర్డు పెట్టి 600 తీసుకున్నారు. అందులో పొట్టిక్కలు, అంటే పనసాకు బుట్టల్లో ఉడికించే ఇడ్లీలు, ఉన్నాయని చూసి వెళ్లాను. పనసాకు తీసేసి, ఉట్టి ఇడ్లీ ముద్దల్లాగా, చల్లారిపోయినవి రెండు ప్లేట్లో పెట్టారు. ఆకు ఏదండీ అని అడిగితే, కస్టమర్లకు ఇబ్బందని తీసేశామన్నారు. ఆకు లేకపోతే అది పొట్టిక్క ఎలా అవుతుంది? ఆ పూట ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున ఇంకా మంచు విడవకముందే అంబాజీపేట వెళ్లాను. రోడ్డు పక్కన చిన్న పాక హోటల్, బల్లలు రెండు, ముందు పొయ్యి మీద పెద్ద గిన్నె. నాలుగు పనసాకుల్ని ఈనుపుల్లలతో కుట్టి బుట్టలు చేసి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరికి పెడతారు. గిన్నె మూత తీయగానే వచ్చే ఆ వాసన కోసమే నేను గుంటూరు నుంచి వచ్చానని చెప్పగలను. పచ్చి ఆకు ఉడికిన వాసన, పులిసిన పిండి వాసన కలిసిపోయి ఉంటాయి. నేను అలవాటు కొద్దీ ఆకు విప్పి పక్కన పెట్టబోతుంటే, ఎదురుగా కూర్చున్న పెద్దాయన, కొబ్బరికాయల వ్యాపారమట, ఆపేశారు.

"అలా తీసేయకండి. ఆకులోంచే తుంచుకుని తినండి, ఆ అంచుకి అంటుకున్నదే రుచండి."

"ఇలాగాండీ?"

"ఆయ్, అలాగే. చట్నీ ఆకులోనే వేసుకోండి."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆకుకి అంటుకుని కాస్త గట్టిపడిన అంచు, మధ్యలో దూదిలాంటి మెత్తదనం. మా గుంటూరులో ఇడ్లీ అంటే కారప్పొడి, నెయ్యి, కళ్లలో నీళ్లు, అది నాకు ప్రాణం. ఇక్కడ కారం దాదాపు లేదు, కొబ్బరి చట్నీలో పచ్చిమిర్చి ఉందా అన్నంత ఉంది. కొబ్బరి మాత్రం అప్పుడే కొట్టి తురిమింది, పాలు కారుతున్నట్టుంది. మొదటి రెండు ముద్దలకి కారప్పొడి ఉందా అని అడగాలనిపించింది, మూడో ముద్ద దగ్గర ఆ సంగతే మర్చిపోయాను. కడుపునిండా తిని, టీ తాగితే 60 రూపాయలు. నిన్నటి హోటల్లో ఇందులో పది రెట్లు ఇచ్చాను.

కొబ్బరిబొండాం మాత్రం కోనసీమలో కూడా 40. ఇదేంటండీ, చెట్లన్నీ మీవేగా అంటే, ఈ ఏడాది కాయ రేటు బాగా పెరిగిందమ్మా, బొండాం దించితే రైతుకి కాయ పోయినట్టే కదా అన్నారు ఆ పెద్దాయన. సరే, రైతుకి వస్తోందంటే ఆ 40 ఇవ్వడానికి నాకు బాధ లేదు.

అమలాపురంలో మెస్సు భోజనం 120, పప్పుచారు, వంకాయ, మామ్మగారి క్యారేజీలో వాసన చూసి తినలేకపోయిన కంద బచ్చలి. కత్తితో కోసేలా పెరుగు. రాజోలు మీదుగా సఖినేటిపల్లి వెళ్లి పంటు, అంటే బళ్లని కూడా దాటించే పెద్ద పడవ, ఎక్కి గోదారి పాయ వశిష్ఠ దాటి నరసాపురంలో దిగాను. అక్కడ వంతెన మాట దశాబ్దాలుగా నానుతూనే ఉంది, బళ్లూ, మనుషులూ, గడ్డిమోపులూ అందరూ ఒకే పంటు మీద. నాకు గాలి, నీళ్లు, చేతిలో వేరుశనక్కాయల పొట్లం, బ్రహ్మాండంగా ఉంది గానీ, పక్కన జ్వరంతో ఉన్న పిల్లాణ్ణి ఎత్తుకుని ఆస్పత్రికి వెళ్తున్న తల్లికి ఆ ఆలస్యం ఎలా ఉంటుందో ఆవిడ మొహంలోనే కనిపించింది.

తాపేశ్వరం మడత కాజా ఈసారి కుదరలేదు. ఆత్రేయపురంలో మామిడి తాండ్ర కూడా చేస్తారని, రసాన్ని చాపల మీద పొర మీద పొరగా పోసి ఎండబెడతారని, మంచి ఎండలు కాసే రోజుల్లో రమ్మని మామ్మగారు బస్సులో చెప్పారు. ఏప్రిల్ చివర్లో సెలవు పెట్టేశాను. ఈసారి రాజమండ్రిలో దిగను, రావులపాలెంలో కిటికీ ఉన్న గది 700కి దొరుకుతుందని అరటి మార్కెట్‌లో అమ్మాయి చెప్పింది. ఆ వైపు వాళ్లెవరైనా ఉంటే తాండ్ర మొదటి పొరలు ఎప్పుడు పోస్తారో చెప్పండి, దాన్నిబట్టి సెలవు అటూ ఇటూ జరుపుకుంటాను.