కొన్నప్పుడు పదమూడు పెట్టాడట

పన్నెండు కావస్తోంది, నిద్ర రావట్లేదు. నిజాంపేటలో పాత కారు అమ్ముతున్నాయన మాట చెవిలోనే తిరుగుతోంది. "కొన్నప్పుడు పదమూడు లక్షలు పెట్టాను సార్. ఎనిమిది డెబ్బై ఐదుకి ఇస్తున్నాను, ఇంకేం తగ్గించమంటారు?" ధర అడిగింది నేను. జవాబు మాత్రం మా ఆయనకి. అది మీకూ కొత్త కాదు, నాకూ కాదు.

పదమూడు పెట్టిన మాట నిజమే అయ్యుంటుంది. కానీ అందులో బండి ఎంత, ప్రభుత్వం ఎంత? 2022 నవంబరులో రిజిస్టరైన బండి అది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజన్ ఉంటే అప్పట్లో 28 శాతం జీఎస్టీ, దానికి తోడు 1 శాతం సెస్సు. 2025 సెప్టెంబరు 22 నుంచి అదే కోవ బండికి 18 శాతమే. ఫ్యాక్టరీ ధర ఎనిమిది లక్షలనుకోండి. అప్పుడు ఎక్స్ షోరూమ్ 10,32,000. ఇప్పుడైతే 9,44,000. అక్కడితో ఆగదు. తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ శ్లాబు పది లక్షల దగ్గర మారుతుంది. పది దాటినందుకు అప్పుడు 17 శాతం, అంటే లక్షా డెబ్బై ఐదు వేల పైన కట్టాడు. ఇప్పుడు పది లోపుకి దిగింది కాబట్టి 14 శాతం, లక్షా ముప్పై రెండు వేలు. రెండు తేడాలూ కలిపితే లక్షా ముప్పై వేలు. మధ్యలో కంపెనీలు ధరలు పెంచుకుంటూ వచ్చాయి, సరే. అయినా ఆయన కట్టిన పన్ను నాకెందుకు అమ్ముతున్నాడు?

(మారుతి బ్రెజా ఎందుకు అంతగా తగ్గలేదని మరిది అడిగాడు. పొడవు నాలుగు మీటర్ల లోపే, కానీ ఇంజన్ 1462 సీసీ. చిన్న బండి లెక్కలోకి రాదు. అప్పుడు సెస్సుతో 45, ఇప్పుడు 40.)

అయినా సరే, పాతదే కొనాలని సాయంత్రం దాకా గట్టిగానే ఉన్నాను. మూడేళ్ళు నిండిన బండికి మొదటి పెద్ద తరుగుదల అయిపోయి ఉంటుంది, రంగు మీద గీతలుంటే బెంగ ఉండదు, మన సందులో ఆటోలు రాసుకుంటూ పోతాయి కూడానూ. కాకపోతే పాత బండి చూడటం అంటే నాకు మా మెకానిక్ మేస్త్రి గుర్తొస్తాడు, ఆయన గుర్తొస్తే ఆ విజయవాడ బండి గుర్తొస్తుంది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపంతా నీళ్ళలో నానిపోయిందా, ఆ తర్వాత పెదనాన్నగారి అబ్బాయి కోసం ఒక బండి చూశాం. తళతళలాడుతోంది. లోపల సీట్ కవర్లు కొత్తవి, మ్యాట్లు కొత్తవి, సెంటు ఘాటుకి తుమ్ములు. నంబరు ఏపీ 39. 2019లో రాష్ట్రమంతటికీ కలిపి పెట్టిన కోడ్ అది కాబట్టి ఏ జిల్లా బండో నంబరు చూసి చెప్పలేం. మేస్త్రి బానెట్ ఎత్తనే లేదు. వెనక తలుపు తీసి, సీటు బెల్టు పట్టుకుని లాగటం మొదలుపెట్టాడు. లాగుతూనే ఉన్నాడు. మామూలుగా మనం పెట్టుకునేప్పుడు బయటికొచ్చే మేర నల్లగా శుభ్రంగా ఉంది. ఎప్పుడూ బయటికి రాని చివరి మూరెడు దగ్గర అడ్డంగా ఒక బూడిదరంగు గీత. దాని కింద నేత పోగుల మధ్య సన్నటి మట్టి. గోటితో గీకితే పొడిలా రాలింది. అమ్మేవాడు ఫోన్ వచ్చినట్టు పక్కకెళ్ళాడు.

ఆ తర్వాత మిగతావి చకచకా చూపించాడు. డిక్కీలో స్టెప్నీ తీస్తే దాని గుంతలో అంచు వెంట ఎండిన బురద. ముందు సీటు కింద పట్టాలకీ బోల్టులకీ తుప్పు (సీటు కింద తుప్పు పట్టటానికి మామూలుగా కారణమే ఉండదు). డాష్ కింద వైర్ల కనెక్టర్ ఒకటి ఊడదీస్తే పిన్నుల మీద పచ్చటి చిలుము. హెడ్‌లైట్ లోపలి వైపు నీటి చారలు. ఇంజన్ నడుస్తుందమ్మా, దాన్ని కడిగి నూనె మార్చి నడిపించేస్తారు, ఆరు నెలల తర్వాత ఎయిర్‌బ్యాగ్ లైటు, ఏబీఎస్ లైటు, పవర్ విండోలు వరసగా మొదలవుతాయి అన్నాడు. కనెక్టర్లో పట్టిన చిలుము తుడిస్తే పోదు, వైరు లోపలికి పాకుతుంది. వైరింగ్ మొత్తం మార్చాలంటే సగం బండి విప్పాలి. ఇన్సూరెన్స్ కంపెనీలు టోటల్ లాస్ అని తేల్చిన బండ్లు వేలంలోకి వెళ్తాయి, అక్కణ్ణుంచి కొన్ని మళ్ళీ రోడ్డెక్కుతాయి. నంబరు మారి టీజీ పలక తగిలితే ఇక ఎవరికి తెలుస్తుంది?

నిజాంపేట బండి బెల్టులు లాగి చూశాను, శుభ్రంగానే ఉన్నాయి. బానెట్ బోల్టుల మీద రంగు చెదరలేదు. అద్దాలన్నీ ఒకే కంపెనీవి. వెనక ఎడమ తలుపు కింద లప్పం పెట్టినట్టుంది, వేలితో కొడితే చప్పుడు మొద్దుగా వచ్చింది. అది పెద్ద విషయం కాదు, హైదరాబాద్‌లో ఎడమ వెనక తలుపుకి టింకరింగ్ లేని బండి ఎక్కడుంది. టైర్ల మీద అంకె 3422. అంటే 2022లో 34వ వారం. బండితో వచ్చినవే, అరిగిపోయాయి. మార్చాల్సిందే.

ఇంతవరకూ రాసి, ఆయన వాట్సాప్‌లో పంపిన పాలసీ కాపీ మళ్ళీ తెరిచాను. "ఎన్‌సీబీ కూడా ఉంది మేడమ్, మీకే వస్తుంది" అన్నాడు. (ఆ ఒక్కటీ నాకే చెప్పాడు.) అది శుద్ధ అబద్ధం. నో క్లెయిమ్ బోనస్ (ఏడాదంతా క్లెయిమ్ చెయ్యకపోతే ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మనిషిది, బండిది కాదు. పాలసీ మన పేరుకి మార్చుకుంటే ఆయనకిచ్చిన తగ్గింపు సొమ్ము మన దగ్గర వసూలు చేస్తారు. కానీ ఇప్పుడు పట్టి పీడిస్తున్నది అది కాదు. అక్కడున్న అంకె 20 శాతం. ఎన్‌సీబీ మెట్లు 20, 25, 35, 45, 50. 2022 నవంబరులో కొని ఒక్క క్లెయిమూ చెయ్యకపోతే 2023లో 20, 2024లో 25, 2025 నవంబరులో 35 ఉండాలి. 20 ఉందంటే 2024 నవంబరు రెన్యువల్‌లో సున్నా అయ్యి మళ్ళీ మొదలైందన్నమాట. అంటే 2023 నవంబరుకీ 2024 నవంబరుకీ మధ్య ఎప్పుడో క్లెయిమ్ చేశాడు. బంపరు గీసుకుని ఉండొచ్చు. ఆ తలుపే అయ్యుండొచ్చు. కానీ 2024 సెప్టెంబరు కూడా ఆ ఏడాదిలోనే ఉంది, ఖమ్మం మున్నేరు కూడా ఆ వారమే పొంగింది. క్లెయిమ్ మొత్తం ఎంతో తెలిస్తే చాలు. పదిహేను వేలైతే తలుపు. రెండు లక్షలైతే దండం పెట్టి వచ్చేయడమే. సర్వీస్ సెంటర్‌లో ఛాసిస్ నంబరు చెప్పి యజమాని చేత అడిగిస్తే మొత్తం చరిత్ర తీసిస్తారు, ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా. మీటరు వెనక్కి తిప్పినా ఆ కాగితంలో దొరికిపోతుంది.

సరే, పాతది వద్దు. కొత్తది అనుకుంటే లెక్క ఇదీ. కొత్త బండి ఆన్ రోడ్ పదకొండు లక్షల ఇరవై వేల దగ్గర తేలుతుంది. తేడా రెండు లక్షల నలభై ఐదు వేలు. ఇందులోంచి తీసెయ్యండి. టైర్లు నాలుగూ ముప్పై రెండు వేలు. ఇన్సూరెన్స్ ఇరవై. బ్యాటరీ ఆరు. బ్రేక్ ప్యాడ్లు, ఆయిళ్ళు, ఏసీ పని పది. లోన్ సంగతి ఎవరూ చెప్పరు. కొత్త బండికి 9 శాతం దగ్గర దొరికితే పాతదానికి 13 అడుగుతున్నారు. ఏడు లక్షలకి ఐదేళ్ళ ఈఎంఐ 14,531 బదులు 15,927. చివరికి ఎనభై నాలుగు వేల తేడా. అన్నీ పోగా పాత బండిలో మిగిలేది తొంభై మూడు వేలు. మూడేళ్ళు వాడేసిన బండికి, పైగా వారంటీ పోయినదానికి, తొంభై మూడు వేలు.

అందుకే కొత్తదే అనుకుని షోరూమ్ వాళ్ళిచ్చిన కొటేషన్ తీశాను. ఇక ఒళ్ళు మండింది.

హ్యాండ్లింగ్ చార్జీలట. బండిని వాళ్ళ గోడౌన్ నుంచి వాళ్ళ షోరూమ్‌కి తెచ్చుకున్నందుకు నేను డబ్బులివ్వాలి. అడిగితే "అది అందరికీ ఉంటుంది సార్" (మళ్ళీ సార్). దాని కింద ఎసెన్షియల్ కిట్: మ్యాట్లు, మడ్ ఫ్లాప్‌లు, ఒక సెంటు సీసా, తాళంచెవికి తోలు తొడుగు. బయట ఆరు వేలకొచ్చే సరుకు, అక్కడ పద్దెనిమిది. టెఫ్లాన్ కోటింగ్. కింద రస్ట్ కోటింగ్, ఫ్యాక్టరీలోనే వేసి పంపినదాని మీద ఇంకో పూత. ఫాస్టాగ్‌కి రెండింతలు. ఇన్సూరెన్స్ యాభై ఎనిమిది వేలు, అందులో తాళం పోతే కవరు, లోపలి సామాను పోతే కవరు. నేను లెక్కలో నలభై వేసుకున్నాను, అదే కంపెనీ అదే ఐడీవీతో (బండికి కట్టే బీమా విలువ) బయట దాదాపు అంతే చెప్పింది. బయటి పాలసీ తెచ్చుకుంటానంటే డిస్కౌంట్ తీసేస్తామంటారు. ఎక్కడ కొనాలో మన ఇష్టం, వాళ్ళు బలవంతం చెయ్యకూడదు. ఆ మాట అంటే మేనేజర్ని పిలుస్తానంటారు, మేనేజర్ మీటింగ్‌లో ఉంటాడు.

ఉండాల్సినవి రెండే. జీరో డెప్ (క్లెయిమ్‌లో పార్టుల తరుగుదల కొయ్యకుండా ఇచ్చే కవరు), ఇంజన్ ప్రొటెక్ట్. నీళ్ళలో ఆగిన బండిని మళ్ళీ స్టార్ట్ చేస్తే నీరు సిలిండర్లోకెళ్ళి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, మామూలు పాలసీలో అది రాదు. ఈ రెండూ ఉంచి మిగతావన్నీ కొట్టేసి కాగితం వెనక్కి పంపాలి. ఎక్స్ షోరూమ్ పది లక్షలు దాటిన వేరియంట్ అంటగట్టాలని చూస్తున్నారు, సన్‌రూఫ్ కోసం. దాటితే లైఫ్ ట్యాక్స్ శ్లాబు మారుతుంది, ఒక శాతం టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను, వేస్తారు (అది రిటర్నుల్లో వెనక్కొస్తుందనుకోండి). ముప్పై వేల తేడా అని చెప్పిన సన్‌రూఫ్ ఇంటికొచ్చేసరికి డెబ్బై వేలు దాటుతుంది. మే నెలలో మన ఎండకి పైన గాజు ఎవరడిగారు?

బుక్ చేస్తే మాత్రం రిజిస్ట్రేషన్‌కి ముందే యార్డుకెళ్ళి చూడాలి. తయారైన నెల, టైర్ల అంకె, మీటర్లో వందలోపు కిలోమీటర్లు. నంబరు పడ్డాక బండి మార్చరు.

ఏ బండి అన్నది అసలు తేల్లేదు. అత్తయ్య మోకాలి నొప్పి సంగతి మీకు తెలుసు. ఆవిడని కూర్చోబెట్టి చూస్తే గ్రౌండ్ క్లియరెన్స్ కన్నా సీటు ఎత్తే ముఖ్యమని తేలింది. సీటు నడుము దగ్గరుంటే జరిగి కూర్చుంటారు, పైకుంటే ఎక్కాలి, కిందుంటే లేవలేరు. తలుపు కింద గడప వెడల్పుంటే కాలు తిప్పలేరు. మహీంద్రా ఎక్స్‌యూవీ త్రీ ఎక్స్ ఓలో వెనక ముగ్గురు పడతారు (బండి వెడల్పు 1821 మిల్లీమీటర్లు), హ్యుందాయ్ వెన్యూలో మధ్యవాళ్ళు ఒదిగి కూర్చోవాలి. కియా సోనెట్ అంటే మా అనంతపురం వాళ్ళందరికీ సొంతూరి బండే, పెనుకొండ ఎర్రమంచిలో తయారవుతుంది కాబట్టి. దాని టర్బో పెట్రోల్ ఆటోమేటిక్‌లో ఉన్నది డ్రై క్లచ్ డీసీటీ (రెండు క్లచ్‌ల గేర్‌బాక్సు). కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో సగం బ్రేకు మీద పాకిస్తే క్లచ్ వేడెక్కుతుంది. మా ఆయన అలానే నడుపుతారు. టార్క్ కన్వర్టర్ రకం ఆటోమేటిక్ అయితే ఆ బెడద లేదు: త్రీ ఎక్స్ ఓ, స్కోడా కైలాక్, బ్రెజా. డీజిల్ నేను కొట్టేశాను. రోజూ ఆరు కిలోమీటర్ల ఆఫీసుకి వెళ్ళే బండిలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ఆ మసి కాల్చుకునేంత వేడెక్కదు, వారానికోసారి ఔటర్ మీద పావుగంట అరవై దాటి తిప్పాలి. ఎవరు తిప్పుతారు?

ఇంకో మాట కూడా ఉంది, నిజాంపేట ఆయనకి చెప్పనిది. 2023 ఏప్రిల్‌కి ముందు బండ్లు చాలావరకు ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ కోసం చేసినవి కావు. నీతి ఆయోగ్ కాగితంలోనే రాశారు, ఈ10కి సరిచేసిన పాత కార్లలో మైలేజీ 6, 7 శాతం తగ్గొచ్చని. రబ్బరు పైపుల సంగతి వేరే.

ఇంత రాశాక ఆ బండి మీద మళ్ళీ మనసు పోతోంది, చూడండి. నడుపుతుంటే చప్పుడు లేదు, గేర్లు వెన్నలా పడ్డాయి, రంగు కూడా అత్తయ్య అడిగిన తెలుపే. ఏడు అరవైకి ఇచ్చి, క్లెయిమ్ కాగితం చూపించి, లోన్ తీరిందని బ్యాంకు ఎన్‌ఓసీతో ఫారం 35 ముందు చేతిలో పెడితే తీసుకుంటాను. పేరు మార్పుకి ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకుని, పేరు మారేదాకా యాభై వేలు ఆపుకుంటాను. ఏడు అరవై ఒక్కటైనా కుదరదు. పొద్దున్నే ఫోన్ మా ఆయన చేతే చేయిస్తాను, జవాబు ఎలాగూ ఆయనకే చెప్తాడు కదా.