పాత ఇత్తడి, కంచు, జాడీలు: ఎలా కొనాలి, ఎంత తోమాలి, బల్ల మీద ఎలా అమ్మాలి

పాత సామాను వ్యాపారంలో లాభం అమ్మేటప్పుడు వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది రెండు చోట్ల తేలిపోతుంది: కొనేటప్పుడు లోహాన్ని సరిగ్గా గుర్తుపట్టడంలో, ఇంటికి తెచ్చాక అతిగా తోమకుండా ఆగడంలో. ఈ రెండూ కుదిరితే బల్ల మీద పెద్దగా వాదించే పని ఉండదు.

హైదరాబాద్‌లో సరుకుకు కొదవ లేదు. పురానాపూల్ దగ్గర గురువారం జుమ్మెరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత అందరికీ తెలిసినవే. వాటికన్నా మంచి సరుకు గల్లీల్లోని కబాడీ దుకాణాల్లో, పాత ఇల్లు కూల్చి అపార్ట్‌మెంటు లేపుతున్న చోట్ల దొరుకుతుంది. బేగంబజార్‌లో కొత్త సామాను అమ్మే కొట్లవాళ్ళు పాత ఇత్తడిని తూకానికి తీసుకుంటారు. కరగడానికి వెళ్ళే ఆ గుట్టలో ఒక్కోసారి నగిషీ చెక్కిన తాంబాళం కూడా ఉంటుంది. సంతకు తెల్లవారుజామునే వెళ్ళాలి. చేతిలో టార్చి, చిన్న అయస్కాంతం, కొక్కెం ఉన్న ఎలక్ట్రానిక్ తూకం, తడిగుడ్డ ఉంటే చాలు.

ముందు లోహం సంగతి. ఇత్తడి అంటే రాగి, జింకు. కంచు అంటే రాగి, తగరం. మన కంచాలూ గంటలూ పోసే కంచులో తగరం దాదాపు 22 శాతం ఉంటుంది. అంచుకు చెయ్యి తగలకుండా గిన్నె అడుగును వేలి కొనల మీద నిలిపి, రెండో చేతి కణుపుతో అంచు మీద కొట్టండి. కంచు చాలాసేపు మోగుతుంది, ఇత్తడి వెంటనే ఆగిపోతుంది. కంచే అయ్యుండి బొంగురుగా పలికితే ఎక్కడో నెర్రె ఉన్నట్టే. కంటికి కనపడకపోయినా కొనొద్దు. ఇత్తడికి సొట్ట పడితే తీయించవచ్చు. కంచుకు సొట్ట పడదు, పగులుతుంది, దానికి బాగుచేత లేదు. అయస్కాంతం అంటుకుంటే అది ఇనుము మీద ఇత్తడి పూత. తెల్లగా మెరిసే ‘జర్మన్ సిల్వర్’ పళ్ళేలు రాగి, నికెల్, జింకు కలిసినవి. పేరులో తప్ప వెండి ఎక్కడా ఉండదు.

కొత్తదాన్ని పాతదిగా చేసి అమ్మడం ఇప్పుడు మామూలైపోయింది. మందు పూసి నల్లబరుస్తారు. దాన్ని పట్టుకోవాలంటే వస్తువును తిరగేసి అడుగు చూడాలి. ఏళ్ళ తరబడి గచ్చు మీద, బండల మీద జరిపిన బిందె అడుగున గీతలు అన్ని దిక్కులా, లోతుగానూ పైపైనా ఉంటాయి. మందు పూసిన దానికి అడుగు కూడా ఒకే నలుపు, గీతలుంటే ఒకే దిక్కు. అలాగే చెంబు మెడ, పిడి, అంచు చేతి రాపిడికి నునుపెక్కాలి. చెయ్యి తగలని చోట అరిగి, తగిలే చోట పదునుగా ఉంటే అనుమానించండి. సాగగొట్టి చేసిన పాత బిందెల్లో రెండు మూడు ముక్కలు కలిపిన అతుకు కనిపిస్తుంది. రంపపు పళ్ళలా ఒకదాంట్లో ఒకటి దూరిన ఆ గీత, లోపలి వైపు సుత్తి దెబ్బల జాడ ఉంటే ధైర్యంగా కొనొచ్చు.

చుక్కలతో కొట్టిన పేర్లు ఈ సరుకులో అన్నిటికన్నా ఆసక్తికరమైనవి. పెళ్ళికి పెట్టిన సామాను మీద అమ్మాయి పేరు, ఇచ్చినవాళ్ళ పేరు, ఒక్కోసారి ఏడాది ఉంటాయి, తెలుగులోనో ఉర్దూలోనో. ఆ ఏడాది దగ్గరే మోసాలు, పొరపాట్లు జరుగుతాయి. నిజాం రాజ్యంలో ఫసలీ లెక్క, అంటే శిస్తు వసూలుకు పెట్టుకున్న ఏళ్ళ లెక్క, నడిచింది. ఫసలీ ఏడాదికి 590 కలిపితే మన ఏడాది వస్తుంది. ఫసలీ ఏడాది అక్టోబరులో మొదలయ్యేది కాబట్టి జనవరి నుంచి మిగతా నెలలకు 591 కలపాలి. అంటే 1345 అని కొట్టిన గుండిగ దాదాపు ఏడు వందల ఏళ్ళ నాటిది కాదు, 1935–36 నాటిది. అదే అంకె హిజ్రీ అయితే 1926–27. ఏ లెక్కో పక్కన రాసిన అక్షరం చెప్పాలి. అది లేకపోతే రెండూ చెప్పి అమ్మండి. తెలుగు సంవత్సరం పేరుంటే ఇంకో చిక్కు: ‘ఖర’ అంటే 1951–52 కావచ్చు, 2011–12 కావచ్చు. అరవై ఏళ్ళ తేడాను మళ్ళీ అడుగే తేల్చాలి.

తూకపు రాళ్ళలో కాలం ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. మెట్రిక్ బరువులు 1958 అక్టోబరు నుంచి వచ్చాయి కాబట్టి కిలో గుర్తున్నది ఏదైనా ఆ తర్వాతిదే. 80 తులాల సేరు రాయి తూస్తే 933 గ్రాముల దగ్గర రావాలి. బాగా అరిగితే కాస్త తగ్గుతుంది. కొలపాత్రల్లో నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ఈ వరస మొత్తం ఒకే చేతి పనిగా దొరికితే విడివిడి ధరలు కూడినదానికన్నా బాగా ఎక్కువకే పోతుంది. అడ్డ, కుంచం కూడా ఉంటే చెప్పనక్కర్లేదు.

మరచెంబు కొనేటప్పుడు మూతను పూర్తిగా బిగించి చూడండి. పాతకాలం మరలు చేత్తో కోసినవి, ఒక చెంబు మూత ఇంకో చెంబుకు పట్టదు. సగం దాకా వచ్చి ఆగిపోతే అది వేరే చెంబు మూత. బిగుసుకుపోయిన మూతను పట్టకారుతో తిప్పితే మెడ వంకరపోతుంది. మర చుట్టూ కొబ్బరినూనె చుక్కలు వేసి రాత్రంతా ఉంచి, పొద్దున వేడినీళ్ళు మెడ మీద కాకుండా మూత మీద పోస్తే వదులుతుంది. బిందెలకు, కాగులకు నీళ్ళ పరీక్ష తప్పదు. నింపి, పొడి కాగితం మీద గంటసేపు ఉంచితే కారే మాటు బయటపడుతుంది. మాటు వేసినదాన్ని కొనొచ్చు, కానీ ఆ సంగతి చీటీ మీద రాయాలి. పాత మాట్లలో సీసం ఉంటుంది కనుక తాగేనీళ్ళకు పనికిరాదని కూడా చెప్పాలి.

బిద్రీ వేరే లోకం. జింకులో కొద్దిగా రాగి కలిపిన మిశ్రమం అది, వెండి తీగ పొదిగి, బీదర్ కోట మట్టితో నలుపు తెస్తారు. పాన్‌దాన్ (తాంబూలం పెట్టె), ఉగాల్‌దాన్ (ఉమ్మే పాత్ర), హుక్కా కుండలు పాతబస్తీలో ఇప్పటికీ కనిపిస్తాయి. ఒక్క మాట గుర్తుంటే చాలు: బిద్రీకి చింతపండు, బ్రాసో, పీతాంబరి ఏదీ తగలకూడదు. నలుపు పోతే వస్తువు పోయినట్టే. మెత్తటి గుడ్డకు రెండు చుక్కల కొబ్బరినూనె, అంతే.

జాడీలకు కొట్టి వినడమే పరీక్ష. లోపల ముక్కు పెట్టి చూడండి. పాత ఆవకాయ వాసన పరవాలేదు, కిరోసిన్ వాసన మాత్రం పోదు. బయట తెల్లటి పొడిలా ఉప్పు పూస్తుంటే లోపలి గ్లేజు దెబ్బతిని ఊట వస్తోందని. అలాంటిది పూలకుండీగా అమ్మండి, పచ్చడికి కాదు. పెచ్చులూడిన ఎనామిల్ గిన్నెలకూ ఇదే మాట.

ఇక తోమడం. సగం సరుకు ఇక్కడే పాడవుతుంది. మొదట పొడి బ్రష్షుతో దుమ్ము, తర్వాత గోరువెచ్చటి కుంకుడు నీళ్ళలో అరగంట. చాలా వస్తువులకు ఇదే సరిపోతుంది. ఇంకా నలుపుంటే పావు లీటరు నీళ్ళకు నిమ్మకాయంత చింతపండు, చెంచాడు ఉప్పు. ఆ గుజ్జు పూసి ఐదు నిమిషాలకు మించి ఉంచొద్దు. రాత్రంతా నానబెడితే పులుపు ఇత్తడిలోని జింకును తినేస్తుంది, పైన రాగి మిగిలి గులాబీ రంగు మచ్చలు పడతాయి. ఆ మచ్చలు మళ్ళీ తోమితే పోవు, పాలిష్ పట్టాల్సిందే. బాత్రూం కడిగే యాసిడ్ ఇంకా ప్రమాదం. నిమిషంలో తళతళలాడుతుంది, కొన్నాళ్ళకు అతుకుల్లోంచి పచ్చటి చిలుము పుట్టుకొస్తుంది. లోహంలో ఇంకిన క్లోరైడు, గాలిలో తేమ కలిసి చేసే పని అది. వానాకాలంలో మరీ ఎక్కువ. చింతపండుతో వేసే ఉప్పు కూడా క్లోరైడే, అందుకే కడగడంలో బద్ధకం పనికిరాదు. లీటరు నీళ్ళకు రెండు చెంచాల వంటసోడా వేసి గంటసేపు ఉంచి, మంచినీళ్ళతో మూడు నాలుగుసార్లు కడిగి, ఎండలో అతుకుల్లో తేమ పోయేదాకా ఆరబెట్టాలి. చివర పలచగా తేనెమైనం. నూనె రాస్తే దుమ్ము పట్టి జిడ్డవుతుంది.

బఫింగ్ చక్రానికి, అంటే మిషను పాలిష్‌కు ఇస్తే అద్దంలా వస్తుంది, నిజమే. దాంతోపాటు చుక్కల అక్షరాలు, నగిషీ, సుత్తి జాడలు అన్నీ చదునైపోతాయి. వందేళ్ళ చెంబుకూ నిన్నటి చెంబుకూ తేడా లేకుండా చేయడానికి డబ్బులిచ్చినట్టు. ఎత్తుగా ఉన్న భాగాలు మాత్రం చేత్తో తోమి, పల్లాల్లో నలుపు వదిలేయండి. పూజకు కొనేవాళ్ళకు మెరుపు కావాలి, ఫ్లాటులో అలంకరణకు కొనేవాళ్ళకు నలుపు కావాలి. ఒకే రకం కుందులు రెండు జతలుంటే ఒక జత తోమి, ఇంకో జత తోమకుండా పక్కపక్కన పెడితే ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకుంటారు.

వంటకని కొనేవాళ్ళు కళాయి గురించి అడుగుతారు. రాగి, ఇత్తడి గిన్నెల్లో పులుసు, చారు కాచాలంటే కళాయి ఉండాలి. బిర్యానీ డేగ్‌లకు ఇప్పటికీ వేస్తారు కాబట్టి నగరంలో ఆ పనివాళ్ళు దొరుకుతారు. గిన్నెను కాల్చి, నవసాగరం చల్లి, తగరం రుద్ది, దూదితో లోపలంతా తుడుస్తారు. చూడాల్సింది తగరం కడ్డీని. సీసం కలిపితే చవక, త్వరగా కరుగుతుంది, తిండిలోకి దిగుతుంది. స్వచ్ఛమైన తగరపు కడ్డీని చెవి దగ్గర వంచితే కరకరమని సన్నటి చప్పుడు వస్తుంది. సీసం ఎక్కువగా కలిస్తే ఆ చప్పుడు రాదు. మన కళ్ళ ముందే వేయించుకోవడం మేలు.

చట్టం గురించి కొంచెం. 1972 నాటి ప్రాచీన వస్తువుల చట్టం వందేళ్ళు దాటి చారిత్రక ఆసక్తి ఉన్న వస్తువుల వ్యాపారానికి లైసెన్సు ఉండాలంటుంది, అలాంటివి ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. సంతలో ప్రతి చెంబునూ ‘రెండొందల ఏళ్ళ నాటిది సార్’ అని అరిచేవాళ్ళు తమ మీద తామే ఫిర్యాదు చేసుకుంటున్నారన్నమాట. అమెరికాకు పట్టుకెళ్ళే కొనుగోలుదారుకు పురావస్తు శాఖ నుంచి ‘ఇది ప్రాచీన వస్తువు కాదు’ అనే ధ్రువపత్రం తీసుకోమని చెప్పండి. గుడి పేరున్న గంట, హారతి పళ్ళెం ఎంత చవకగా వచ్చినా ముట్టుకోవద్దు. దొంగసొత్తని తెలిసి కొనడం నేరం. కొన్న ప్రతిదానికీ అమ్మినవారి పేరు, ఫోన్ నంబరు, తేదీ, ఫోటో ఒక నోటుబుక్కులో ఉండాలి.

ధర కట్టే పద్ధతి ఇది. ఆ రోజు ఇత్తడి స్క్రాప్ రేటు కనుక్కోండి. కిలో 500 అనుకుందాం. 800 గ్రాముల చెంబుకు 400 అడుగు ధర. అంతకు తక్కువకు ఎప్పుడూ అమ్మొద్దు, కరిగించేవాడే అంత ఇస్తాడు. 600 పెట్టి కొని, తోమడానికి, ఆటోకు, బల్ల అద్దెలో వాటాకు 150 వేస్తే 750. బల్ల మీద 1,400 చెప్పి 1,200 దగ్గర తెగనివ్వండి. మన దగ్గర కొనేవాళ్ళు సగానికి అడగడం ఆనవాయితీ, కోపం తెచ్చుకోనక్కర్లేదు. కొనేటప్పుడు స్క్రాప్ ధరకు మూడింతలు మించి అడిగితే పేరో నగిషీయో ఏదో ఒక కారణం కళ్ళకు కనిపించాలి.

బల్ల మీద ముదురు నీలం లేదా గోధుమరంగు నూలు గుడ్డ పరచండి. మెరిసే సాటిన్ మీద ఇత్తడి వెలవెలబోతుంది. మడత బల్లలు బరువు ఎక్కువైతే నడుం వంచుతాయి, గంగాళాలు, రోళ్ళు నేల మీదే ఉండాలి. ప్రతి వస్తువుకూ దారంతో చీటీ కట్టి లోహం, బరువు, ధర, లోపం రాయాలి. ధర అడగడానికి మొహమాటపడి వెళ్ళిపోయేవాళ్ళు మీరనుకునేదానికన్నా ఎక్కువ. బోణీ బేరంలో కాస్త తగ్గినా తప్పులేదు, ఆ చిల్లర కూడా మధ్యాహ్నం దాకా పనికొస్తుంది. ఫోన్‌పే ఉన్నా సిగ్నల్ పోయే చోట్లున్నాయి. సరుకును న్యూస్‌పేపర్లో చుట్టొద్దు, తడి తగిలితే అచ్చు మరక ఇత్తడికి అంటుకుంటుంది. బబుల్ ర్యాప్‌లో చెమర్చి గుండ్రటి మచ్చలు పడతాయి. పాత నూలు చీరల ముక్కలే మంచివి.

మూడు సంతల్లో ఎవరూ చేత్తో పట్టుకోని ఇత్తడిని నాలుగోసారి మోయకుండా తూకానికి వేసి, ఆ డబ్బుతో వేరేది కొనండి. కంచు కంచాలను మాత్రం ఆపండి. విడిగా ఒక్కోటి ఎవరికీ అక్కర్లేదు గానీ, ఒకే కొలతవి నాలుగు చేరిన రోజు సెట్టుగా వెళ్ళిపోతాయి. అందుకే ప్రతి కంచం అడుగునా వ్యాసం, బరువు పెన్సిల్‌తో రాసి అటక మీద పెట్టండి.