ఖాళీ గొట్టం

మన బడి పూర్వ విద్యార్థుల సంచిక కమిటీ వారు ఫోను చేసి, "నీ పరిశోధన గురించి రెండు పేజీలు రాయి, గొప్పలు చెప్పుకున్నా కోయం" అన్నారు. గొప్పలు మన క్లాసు గుండుకే వదిలేస్తున్నాను, పాముల బావి కథను ఈసారైనా కుదించి రాయమని అతనికి మనవి. నా శాస్త్ర జీవితమంతా తొమ్మిదో తరగతిలోని ఒక్క మధ్యాహ్నానికి అప్పుపడి ఉంది కనుక దాని గురించే రాస్తాను. ఆరు, ఏడు తరగతులకు నేను వచ్చినట్టు హాజరు పట్టీలో ఉండవచ్చు కానీ నాకు మాత్రం ఏమీ గుర్తులేదు.

అది 1985. సైన్సు సారు ఎవరింటి నీళ్లు వారిని సీసాల్లో తెమ్మన్నారు. పరీక్ష గొట్టాలు పెట్టే ఆరు రంధ్రాల కర్ర స్టాండులో మొదటి రంధ్రం పక్కన సుద్దముక్కతో గీసిన సున్న మీకందరికీ గుర్తుండే ఉంటుంది. అది ఖాళీ గొట్టం చోటు, మిగతా గొట్టాలను దానితోనే పోల్చి చూడాలి. పేరుకే ఖాళీ, అందులో సారు నల్లగొండ నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకొని తెచ్చిన స్వేదనజలం పోయాలి. ఆ సీసా నా చేతిలోంచి జారి పగిలింది. మనం ఇంజను అని పిలిచే మిత్రుడు తప్ప ఎవరూ చూడలేదు. నేను వరండాలోని కుండలో గొట్టం ముంచి, తుడిచి, ఏమీ ఎరగనట్టు దాని చోట పెట్టాను.

సారు అన్నింటిలో జిర్కోనియం-అలిజరిన్ మందు చుక్కలు వేశారు. ఫ్లోరైడ్ ఉన్న నీటిలో ఆ మందు ఎర్రదనం పోయి పసుపు పచ్చబడుతుంది. రంగు తేలడానికి గంట పడుతుంది. ఆ గంటంతా నేను మొదటి గొట్టాన్నే చూస్తూ కూర్చున్నాను. బెల్లు కొట్టే సమయానికి బావి నీళ్లతో పాటు అదీ పచ్చబడింది.

"స్వేదనజలానికి కూడా పసుపు పెట్టి పెళ్లి చేసినవారా?" అని సారు అడిగారు. ఇంజను నవ్వు ఆపుకోలేకపోయాడు, నేను నిజం ఒప్పుకున్నాను. తొడపాశం తప్పదనుకున్నాను. సారు మాత్రం గొట్టాన్ని వెలుతురులో పెట్టి చూసి, తరువాత కుండ వైపు చూసి, చాలాసేపు మాట్లాడలేదు. మనమంతా రోజూ తాగుతున్న నీళ్లు అవే. మర్నాడు ఆయన తన డబ్బుతో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు తెచ్చి, బకెట్లలో కలిపి, తేరుకున్న నీళ్లు వంపడం మనకు నేర్పారు. ఫ్లోరైడ్ తీసే ఆ పద్ధతి శాస్త్ర గ్రంథాల్లో నల్లగొండ పేరుతోనే ఉందని నాకు ఉస్మానియాలో తెలిసింది. ఆ పేరు మన వీధుల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంకరపోయిన కాళ్ల వల్ల వచ్చిందని అక్కడ ఎవరికీ చెప్పలేదు.

నాగార్జున కాలేజీలో డిగ్రీ, ఉస్మానియాలో బయోకెమిస్ట్రీ, ఆపైన డాక్టరేటు. ఇవి ఎవరి జీవితంలోనైనా ఉండేవే. తరువాత నేను ఎంచుకున్నది మొక్కల్లోని పదార్థాలు రోగనిరోధక కణాలపై చూపే ప్రభావం. వేపచెట్టు మీద పాకిన తిప్పతీగ కషాయం పోస్తే మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలు వాపు రప్పించే టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అనే ప్రొటీన్‌ను విపరీతంగా వదిలేవి. రెండేళ్లు అదే ఫలితం వచ్చింది, సభల్లో చప్పట్లు కూడా వచ్చాయి. ఒక రాత్రి లెక్కలు చూస్తుంటే, పోల్చడానికి మేము వాడినది సీసాలోంచి నేరుగా తీసిన నీరేనని, కషాయం కాచిన గిన్నెలో కాచినది కాదని తట్టింది. అదే గిన్నెలో తీగ వేయకుండా ఉత్త నీళ్లు కాచి, అదే వడపోత పట్టి కణాలకిచ్చాం. అవి అంతే ఎగిరాయి.

దోషం బ్యాక్టీరియా గోడలోని ఎండోటాక్సిన్ అనే విషపదార్థానిది. అది కాచినా చావదు, 0.22 మైక్రాన్ల వడపోతకూ ఆగదు. గాజు సామానును 250 డిగ్రీల వద్ద అరగంట కాలిస్తే గాని పోదు. మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో ఉన్నా చాలు, టీఎల్ఆర్-4 అనే గ్రాహకం ద్వారా కణాన్ని లేపుతుంది. దాన్ని పట్టి ఉంచే పాలిమిక్సిన్-బి కలపగానే మా ఫలితంలో అధిక భాగం మాయమైంది. రెండేళ్ల పని పక్కన పెట్టాం. గాజు కాల్చి, కషాయం శుద్ధిచేసి మళ్లీ మొదలుపెడితే తీగలోని పాలిశాకరైడ్ (చక్కెర అణువుల గొలుసు) భాగానికి చిన్నదే అయినా నిజమైన ప్రభావం మిగిలింది. ఆ కొంచెమే మా పత్రమైంది. ఇంతవరకు నేను సిగ్గుపడకుండా చూపగలిగే పత్రాల్లో అదే మొదటిది.

ఆపైన పసుపు మీద కూడా పనిచేశాను. సారు వేళాకోళం ఫలించిందని ఇంజను అంటాడు. పసుపుకు రంగునిచ్చే కుర్కుమిన్ తానే 420 నానోమీటర్ల ప్రాంతంలో కాంతిని పీల్చుకుంటుంది, కనుక రంగు చూసి లెక్కగట్టే పరీక్షల్లో అది బాగా మోసగిస్తుంది. పచ్చరంగును నమ్మకపోవడం నాకు తొమ్మిదో తరగతిలోనే అలవాటైంది. నా దగ్గర డాక్టరేటు చేసిన 14 మందికీ మొదటి రోజు పని ఒకటే: పరీక్షించే పదార్థం ఒక్కటే వేయని గొట్టాన్ని ముందుగా సిద్ధం చేసి చూపాలి. వాళ్లు దాన్ని తెలుగులోనే "ఖాళీ గొట్టం" అంటారు, తమిళ పిల్లలు సైతం.

నిరుడు బడికి వెళ్లినప్పుడు కుండ స్థానంలో నల్లా ఉంది, కృష్ణా నీళ్లు వస్తున్నాయి. ప్రయోగశాల గది మాత్రం అలాగే ఉంది. బీరువా మీద ఆ కర్ర స్టాండు ఉంది, సున్న ఉన్నచోట ఎవరో రంగు పూశారు. కొత్త గాజు సామాను, నీటి పరీక్షల పెట్టె ఖర్చు నేను పెట్టుకుంటానని హెడ్మాస్టరు గారితో చెప్పి వచ్చాను. కమిటీ వారికి ఒక్క విన్నపం: గదికి సున్నం వేయించేటప్పుడు ఆ స్టాండును సామానుతో పాటు పారవేయించకండి. సమావేశం నాడు నేను స్వేదనజలం తెస్తాను, సీసా మాత్రం ఇంజను చేతికివ్వను.