ఆరణాల ఎనిమిది పైల లెక్క

స్టాంపుల పిచ్చి ఉన్నవాళ్ళకి అందమైన బిళ్ళ కన్నా అర్థంకాని బిళ్ళ మీదకే మనసు పోతుంది. నా ఆల్బమ్‌లో అలాంటిది ఒకటుంది. బూడిద రంగు, మధ్యలో విక్టోరియా రాణి తల, 'ఈస్ట్ ఇండియా పోస్టేజ్' అనే అక్షరాలు (కంపెనీ పాలన పోయి అప్పటికి తొమ్మిదేళ్ళయినా పేరు మాత్రం వదల్లేదు), వెల 6 అణాల 8 పైలు. 1867లో వేశారు. అర్ధణా, అణా, రెండణాలు, నాలుగణాలు అంటే సరే, ఇదేమిటి, ఎవరి బాకీకో వడ్డీ కట్టినట్టు?

చాలా రోజులు పట్టించుకోలేదు. ఒకసారి కాగితం తీసుకుని కూర్చుంటే లెక్క చిటికెలో తేలిపోయింది. రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైలు, అంటే రూపాయికి 192 పైలు. అప్పట్లో రూపాయి అంటే రెండు ఇంగ్లీషు షిల్లింగులు, అంటే 24 పెన్నీలు. 192ని 24తో భాగించండి: పెన్నీకి 8 పైలు. 6 అణాల 8 పైలు అంటే 80 పైలు, సరిగ్గా 10 పెన్నీలు. ఇంగ్లండుకి అర ఔన్సు ఉత్తరం ఫ్రాన్సు రేవు మార్సెయ్ మీదుగా పంపడానికి ఛార్జీ అదే. అదే ఉత్తరం నేరుగా ఇంగ్లండు రేవు సౌతాంప్టన్ దారిలో వెళ్తే 6 పెన్నీలు, మనకి నాలుగణాలు. అంటే ఈ బిళ్ళ మీద ఉన్నది ఒక దారి రేటు!

దారిని బట్టి రేటు ఎందుకంటే, సౌతాంప్టన్ టపా ఈజిప్టు దాటాక మొత్తం ఇంగ్లీషు ఓడల్లోనే, జిబ్రాల్టర్ చుట్టూ తిరిగి వెళ్తుంది. మార్సెయ్‌లో దించితే ఫ్రాన్సు మీదుగా నేల దారిన అయిదారు రోజులు ముందే లండన్ చేరుతుంది, కాకపోతే ఫ్రెంచివాళ్ళ వాటా కట్టాలి. పైగా ఒకప్పుడు ఆ దారిలో తూకం పావు ఔన్సు చొప్పున. అందుకే ఆ కాలం ఉత్తరాల కాగితం ఉల్లిపొరలా ఉండేది, కొందరైతే పేజీ నిండాక కాగితం అడ్డంగా తిప్పి, రాసిన అక్షరాల మీదే మళ్ళీ రాసేవాళ్ళు. నవ్వుకున్నాను కానీ, ఇన్లాండ్ లెటర్ మడతల మీద కూడా 'అత్తయ్యని అడిగానని చెప్పు' అని ఇరికించి రాసినవాళ్ళం మనం, నవ్వే హక్కు లేదు.

అసలు అయిదారు రోజుల కోసం ఎక్కువ కట్టడం గొప్ప అనిపించాలంటే ముందు కాలం చూడాలి. తెరచాప ఓడలు ఆఫ్రికా చివర కేప్ చుట్టూ తిరిగి వచ్చే రోజుల్లో ఉత్తరానికి నాలుగు నుంచి ఆరు నెలలు. అక్కడ పెళ్ళి శుభలేఖ వేస్తే ఇక్కడ అందేసరికి సీమంతం. 1825లో 'ఎంటర్‌ప్రైజ్' అనే ఆవిరి ఓడ అదే దారిలో కలకత్తా వచ్చింది, 113 రోజులు పట్టింది, అందరూ ఉసూరుమన్నారు. దాంతో చూపు ఎర్ర సముద్రం వైపు మళ్ళింది. 1830 మార్చి 20న బొంబాయి నుంచి 'హ్యూ లిండ్సే' అనే ఆవిరి ఓడ బయల్దేరి నెల పైచిలుకు రోజుల్లో ఈజిప్టు రేవు సూయెజ్ చేరింది. ఈ దారికి పెద్ద తలనొప్పి బొగ్గు. ఎర్ర సముద్రంలో ఆవిరి ఓడకి కావలసిన బొగ్గుని ఇంగ్లండు నుంచి తెరచాప ఓడల్లో, ఆ కేప్ చుట్టూనే తిప్పి తెచ్చి పోయాలి! 1839లో ఇంగ్లీషువాళ్ళు ఎర్ర సముద్రం ముఖద్వారం దగ్గరున్న ఏడెన్ రేవుని పట్టుకోవడం వెనక ఈ బొగ్గు గొడవ కూడా ఉంది.

సూయెజ్ కాలువ ఇంకా లేదు కాబట్టి ఈజిప్టులో మధ్యధరా సముద్రానికీ ఎర్ర సముద్రానికీ మధ్య నేల దాటాలి: అలెగ్జాండ్రియా నుంచి నైలు దాకా ఒక చిన్న కాలువ, నైలు మీద కైరో, అక్కడి నుంచి ఎడారి దాటి సూయెజ్. ఈ దారి కోసం జీవితం ధారపోసిన మనిషి థామస్ వాగ్‌హార్న్. 1845 అక్టోబరులో ఇతను ఒక పందెం లాంటిది చేశాడు: అక్టోబరు 1 నాటి బొంబాయి టపాని ఆస్ట్రియా, జర్మన్ రాజ్యాలు, బెల్జియం మీదుగా 31వ తేదీకి లండన్‌లో పెట్టాడు, మార్సెయ్ టపా కన్నా రెండు రోజుల ముందు. ప్రయోగాల ఖర్చు మాత్రం అతని నెత్తి మీదే పడింది, అప్పుల్లోనే 1850లో పోయాడు. లాభం పెద్ద కంపెనీలకి వెళ్ళింది.

మన దేశంలో రేవుల మధ్య కూడా కొట్లాటే. ఓడ బొంబాయికి వస్తే చాలని బొంబాయి, మా దగ్గరికి రావాలని కలకత్తా, మద్రాసు. బొంబాయిలో దిగిన ఉత్తరం టపా మనుషుల కాళ్ళ మీద దేశం దాటాలి కదా మరి. 1842లో పీ అండ్ ఓ అనే ఇంగ్లీషు ఓడల కంపెనీ వాళ్ళ 'హిందూస్తాన్' ఓడ సౌతాంప్టన్ నుంచి కలకత్తాకి వచ్చాక సూయెజ్, సింహళంలోని గాలే, మద్రాసు, కలకత్తా వరస మొదలైంది. ఈ తగువు తీర్చింది రైలు: 1870లో బొంబాయి-కలకత్తా, 1871లో రాయచూరు దగ్గర మద్రాసు లైను కలిశాయి. ఇక టపాకి బొంబాయే గుమ్మం. 1870లో ఫ్రాన్సు, ప్రష్యా యుద్ధంతో మార్సెయ్ దారి మూతపడింది, ఇటలీ మడమ దగ్గరున్న బ్రిండిసి పుంజుకుంది.

1869లో సూయెజ్ కాలువ తెరిచారు, ఇక ఉత్తరాలు ఓడలోనే జామ్మని వెళ్ళి ఉంటాయి అనుకుంటాం కదా. వెళ్ళలేదు. చాలా ఏళ్ళు టపా సంచులని అలెగ్జాండ్రియాలో దించి, రైల్లో సూయెజ్ చేర్చి, మళ్ళీ ఓడ ఎక్కించేవాళ్ళు.

నా బిళ్ళ సంగతికొస్తే, పాపం దాని బతుకు ఏడాది కూడా సాగలేదు. 1868లో రేట్లు పెంచారు: సౌతాంప్టన్ 9 పెన్నీలు, మార్సెయ్ 13. మన లెక్కలో ఆరణాలు, ఎనిమిదణాల ఎనిమిది పైలు. ఈసారి దారి పేరున కొత్త బిళ్ళ వెయ్యలేదు. ఎనిమిదణాల బిళ్ళ పక్కన 8 పైల బిళ్ళ అతికిస్తే సరిపోతుంది. ఆ 8 పైలది 1860 నుంచే ఉంది, సిపాయిల ఉత్తరాలకి ఇచ్చిన పెన్నీ రేటు కోసం వేసింది.

తర్వాత వెండి ధర పడింది, రూపాయి వెండిదే కాబట్టి పెన్నీల లెక్కలో దాని విలువ కూడా దాంతోపాటే పడింది. 1876 జులై 1న భారతదేశం అంతర్జాతీయ తపాలా సంఘంలో చేరింది. 1891లో ఇంగ్లండు రేటు తగ్గడంతో 4 అణాల 6 పైల బిళ్ళల మీద 2½ అణాలని ముద్ర కొట్టి అమ్మారు. చివరికి 1898 క్రిస్మస్ నుంచి ఇంగ్లండుకి అర ఔన్సు ఉత్తరం పెన్నీ, మనకి అణా. గమనించారా, అప్పట్లో 8 పైలున్న పెన్నీ ఇప్పుడు 12 పైలు. అక్కడ సిపాయి రేటే అందరికీ ఇచ్చారు, ఇక్కడ మాత్రం ఆ పెన్నీ నాలుగు పైలు బరువెక్కింది.

ఎనిమిదణాలది, 8 పైలది పక్కపక్కన అంటించి, మూలన ఎవరో సిరాతో 'వయా మార్సెయ్' అని రాసిన కవరు ఒక్కటి దొరికితే బాగుండు. ఆల్బమ్‌లో ఆ పేజీ ఖాళీగానే ఉంచాను.