మిద్దె మీద చేపలకు ఉడుకు నీళ్ళు: చలికాలం లెక్కలు

డిసెంబర్ మొదటి వారంలో ఒక పొద్దున మేత వేస్తే గింజలు గంటసేపు అలాగే తేలుతూ ఉన్నాయి. మామూలుగా మా జిలేబీలు (తిలాపియా చేపలు) చెయ్యి కనబడగానే ఎగబడతాయి. థర్మామీటర్ ముంచి చూస్తే 18.5. అనంతపురంలో చలేముంది అనేవాళ్ళు ఆ నెలలో తెల్లవారుజామున ఒకసారి మిద్దె ఎక్కి చూడాలి. జిలేబీకి 27, 28 డిగ్రీలు హాయి. 20 కిందికి దిగితే మేత బాగా తగ్గించేస్తాయి, 10, 12 దాకా పోతే బతకవు. మా ఊళ్ళో అంత చలి పడదు కాబట్టి చస్తాయన్న టెన్షన్ లేదు. కానీ చేప తినకపోతే పెరగదు, పక్కన డ్రమ్ముల్లో చేపల వ్యర్థాలతోనే పెరిగే తోటకూరకూ పుదీనాకూ ఎరువూ అందదు.

నా దగ్గరున్నది ఇనుప చట్రంలో ఉండే 1000 లీటర్ల తెల్ల ట్యాంకు. అందులో నీళ్ళు 900 లీటర్లు. నిలువుగా కోసిన రెండు నీలం డ్రమ్ముల నిండా 20 ఎంఎం కంకర, మొక్కలు అందులోనే. ట్యాంకు నీళ్ళను ఒక మోటారు ఈ కంకరలోకి ఎక్కిస్తుంది, డ్రమ్ము నిండగానే సైఫన్ గొట్టం వాటిని తిరిగి ట్యాంకులోకి లాగేస్తుంది. 900 లీటర్లు ఒక డిగ్రీ వేడెక్కాలంటే దాదాపు ఒక యూనిట్ కరెంటు కావాలి. అంటే హీటర్‌తో రోజూ ఐదు డిగ్రీలు పెంచితే నెలకు 150 యూనిట్లు. ఆ బిల్లు ఇంట్లో చూపించే ధైర్యం నాకు లేదు.

మొదట కన్నుపడింది స్నానాల సోలార్ మీద. దాన్లోంచి ఒక పైపు లాగుదామా అన్నానో లేదో, అమ్మ "చేపలకేమో ఉడుకు నీళ్ళు, మాకేమో చన్నీళ్ళా రా?" అని అడిగింది. అంతటితో ఆ ఆలోచన ఆగిపోయింది. ఆగడమే మంచిదైంది. సోలార్ హీటర్లలో రాగి గొట్టాలు ఉండే రకాలున్నాయి, రాగి నీళ్ళలో కలిస్తే చేపలకు విషం. ఇత్తడి జాయింట్లు కూడా నేను వాడటం లేదు.

చివరికి తోటలో మిగిలిన డ్రిప్పు లేటరల్ పైపు పనికొచ్చింది. 16 ఎంఎం, నల్లది, చిల్లులు లేనిది, 100 మీటర్లు. పాత రేకుకు నల్ల రంగు పూసి, దాని మీద పైపును చుట్టగా బిగించి, దక్షిణానికి తిప్పి 30 డిగ్రీల వాలుగా నిలబెట్టాను. మన అక్షాంశం 14 పైచిలుకు. చలికాలపు ఎండ కోసం ఇంకో 15 కలుపుకోవాలి. నీళ్ళు తోడటానికి కూలర్ మోటారు, 18 వాట్లు.

మొదటిరోజే నవ్వులపాలయ్యాను. అవతలి కొసన నీళ్ళు చుక్కచుక్కగా వచ్చాయి. వచ్చిన చుక్క చెయ్యి కాలేంత వేడి, కానీ ట్యాంకు మాత్రం ఎక్కడిదక్కడే. అంత సన్న పైపులో 100 మీటర్ల దూరం నెట్టడం కూలర్ మోటారు వల్ల అయ్యే పనా? మరుసటిరోజు పైపును 25 మీటర్ల చొప్పున నాలుగు ముక్కలు కోసి, పైనా కిందా 'T' ఆకారపు జాయింట్లు పెట్టి పక్కపక్కనే కలిపాను. ఇప్పుడు బకెట్ పెట్టి కొలిస్తే నిమిషానికి తొమ్మిది, పది లీటర్లు వస్తున్నాయి. తిరిగొచ్చే నీళ్ళు ట్యాంకు నీళ్ళకంటే రెండు డిగ్రీలే ఎక్కువ. చేత్తో పట్టుకుంటే వేడే తెలియదు. అయినా సాయంత్రానికి ట్యాంకు 2.5 నుంచి 3 డిగ్రీలు పెరుగుతోంది. చెయ్యి కాలితేనే సోలార్ పనిచేస్తున్నట్టు అనుకోవద్దు.

ఒక జాగ్రత్త. ఎండలో మోటారు ఆగిపోతే పైపులో నిలిచిన 15 లీటర్లు బాగా మరిగి ఉంటాయి, కరెంటు రాగానే అవన్నీ ఒక్కసారి ట్యాంకులో పడతాయి. అందుకే తిరుగు పైపును ట్యాంకులోకి కాకుండా కంకర డ్రమ్ములోకి వదిలాను.

డిసెంబర్ 14 రాత్రి పెళ్ళికి పోయి రేకు మోటారు ఆపడం మర్చిపోయాను. పొద్దున నీళ్ళు 16.8. పగలు ఎండను పట్టిన రేకు రాత్రంతా ఆ వేడిని ఆకాశానికి పంపేసింది. చేపలన్నీ ఒక మూల అడుగున ముద్దగా చేరి రెక్కలు కూడా ఆడించకుండా ఉన్నాయి. నాలుగు రోజులకు రెండిటి ఒంటి మీద తెల్లటి దూదిలాంటి బూజు కనబడింది. వాటిని వేరే తొట్లో వేసి ఉప్పు నీళ్ళు పట్టించాను. ఒకటి దక్కింది. ఆ రోజే టైమర్ కొన్నాను: పొద్దున తొమ్మిదిన్నరకు మొదలై నాలుగింటికి ఆగుతుంది.

అసలు తలనొప్పి తర్వాత తెలిసింది. సాయంత్రం 23.4 ఉన్న నీళ్ళు తెల్లారేసరికి 19.6. దాదాపు నాలుగు యూనిట్ల వేడి రాత్రికి రాత్రే పోతోంది. రేకు పెద్దది చేద్దామనుకున్నాను గానీ, ఒక రాత్రి కూర్చుని చూస్తే దొంగ వేరే ఉన్నాడు. కంకర డ్రమ్ములు. ప్రతి ఇరవై నిమిషాలకూ వెచ్చటి నీళ్ళు చల్లటి కంకరలోకి ఎక్కి, సైఫన్ లాగగానే చల్లబడి ట్యాంకులోకి దిగుతున్నాయి. దానికితోడు తడి కంకర మీద గాలి. మట్టి కూజా పనే అది.

కాబట్టి రాత్రి తొమ్మిది నుంచి ఆరు వరకు డ్రమ్ముల మోటారును రెండు గంటలకోసారి పదిహేను నిమిషాలే తిప్పుతున్నాను. మొక్కల వేళ్ళూ, చేపల వ్యర్థాల్లోని అమోనియాను ఎరువుగా మార్చే కంకరలోని బ్యాక్టీరియా ఆరిపోకుండా అది చాలు. గాలి పంపు మాత్రం రాత్రంతా ఆడాల్సిందే. ట్యాంకు మీద థర్మాకోల్, దాని మీద టార్పాలిన్. థర్మాకోల్ నీళ్ళకు తగలకూడదు, తగిలితే చేపలు కొరుకుతాయి. చుట్టూ గోనె సంచుల్లో శెనక్కాయ పొట్టు కూరి కట్టాను. ఈ జిల్లాలో దానికి కరువు లేదు. వారానికే ఎలుకలు దిగాయి, పొట్టులో మిగిలిన పప్పుల కోసం. సంచులన్నీ విప్పి, జల్లించి, మళ్ళీ కూరి, పైన ప్లాస్టిక్ పట్టా చుట్టాను. ఒక ఆదివారం దానికే సరిపోయింది. ఇప్పుడు రాత్రి నష్టం 1.6 డిగ్రీలు.

నీళ్ళు వెచ్చబడ్డాయన్న సంతోషంలో మేత ఒక్కసారిగా పాత లెక్కకు పెంచేశాను. అది తప్పు. చలికి మందగించిన బ్యాక్టీరియా చేపలంత త్వరగా తేరుకోదు. అమోనియా లీటరుకు 0.25 మిల్లీగ్రాముల నుంచి 1కి ఎక్కింది. పైగా మా బోరు నీళ్ళ పీహెచ్ 8 పైనే. పీహెచ్ 8 దగ్గర మొత్తం అమోనియాలో చేపకు విషమయ్యే వాటా 20 డిగ్రీల్లో 4 శాతం లోపు ఉంటుంది, 28కి వస్తే 6 శాతం దాటుతుంది. రెండు రోజులు మేత ఆపి, తర్వాత రోజుకు కొంచెం కొంచెంగా పెంచాను. కంకర కొనేవాళ్ళకు ఇంకో మాట: తాడిపత్రి వైపు నాపరాయి ముక్కలు వద్దు. నిమ్మరసం పిండితే నురగ వస్తే అది సున్నపురాయి, పీహెచ్‌ను కిందికి దిగనివ్వదు. నేను నల్లరాయి కంకర వేశాను.

భోగి పొద్దున ఆరింటికి నీళ్ళు 23.2. ఇంకా మంట దగ్గరికి పోకముందే మేత వేస్తే రెండు నిమిషాల్లో ఖాళీ. మబ్బు పట్టిన రోజున టైమర్‌కు తెలివి ఉండదు, అందుకే రేకు వేడినీ ట్యాంకు వేడినీ పోల్చి మోటారు నడిపే రెండు సెన్సార్ల కంట్రోలర్ కోసం చూస్తున్నాను. రేకును మాత్రం వేసవిలోనూ విప్పను. ఏప్రిల్‌లో ఎండ 40 దాటాక ట్యాంకు చల్లబడాలి కదా, అప్పుడు టైమర్ తిప్పి పెట్టి, డిసెంబర్ 14న పొరపాటున చేసిందే రోజూ రాత్రి చేస్తాను.